మీకు తెలుసా? ఎగ్జాస్ట్ లీకైతే బయటి గాలి లోపలికీ వస్తుంది

కారు గొంతు మారగానే చాలామందికి ముందు సైలెన్సర్ మీదే అనుమానం పోతుంది. సైలెన్సర్ మార్చేస్తారు, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. వేగం కోసం కట్టిన కార్లలో ఈ తొందరపాటు చాలా ఖరీదైనది. ఎగ్జాస్ట్ లీకు తన చోటును శబ్దంతో, మసితో, వాసనతో, కంప్యూటర్ అంకెలతో తానే చెబుతుంది. అది విన్నాకే స్పానర్ పట్టుకోవాలి. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐని ప్రధాన ఉదాహరణగా తీసుకుని, లీకును పట్టుకోవడం, బాగుచేయడం గురించి తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

పొగ ఏకధారగా రాదు

నాలుగు సిలిండర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 200 సార్లు పొగను బయటికి గెంటుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ గొట్టంలో ఒక ఒత్తిడి అల పుడుతుంది. 700 డిగ్రీల వేడి పొగలో ఆ అల సెకనుకు 600 మీటర్ల పైచిలుకు వేగంతో, అంటే మామూలు గాలిలో శబ్దం కంటే దాదాపు రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. గొట్టం ఒక్కసారిగా వెడల్పయ్యే చోటికి చేరగానే అల తిరగబడి, తక్కువ ఒత్తిడితో వెనక్కి వస్తుంది. ఆ క్షణంలో గొట్టం లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తగ్గిపోవచ్చు. సన్నని పగులు ఉంటే చాలు, ఒక క్షణం పొగను బయటికి కక్కుతుంది, మరుక్షణం గాలిని లోపలికి పీలుస్తుంది. టర్బో కార్లలో టర్బోకు ముందు ఒత్తిడి ఎక్కువ కాబట్టి, ఈ పీల్చుడు ముఖ్యంగా ఐడ్లింగ్‌లోనూ తక్కువ లోడులోనూ జరుగుతుంది.

అరకిలో గాలి ఆక్సిజన్ సెన్సర్‌ను మోసం చేస్తుంది

కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్. సెన్సర్‌కు ముందున్న పగులులోంచి అరకిలో గాలి చేరిందనుకోండి. ఇప్పుడు సెన్సర్‌కు కనిపించే నిష్పత్తి 15.2. నిజానికి ఇంజిన్‌లో మంట సరిగ్గానే ఉంది. ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూకు ఆ సంగతి తెలియదు కాబట్టి పెట్రోలు తక్కువైందనుకుని 3 శాతానికి పైగా ఎక్కువ పోస్తుంది. మైలేజీ పడిపోతుంది, స్పార్క్ ప్లగ్గులు నల్లబడతాయి, కాటలిటిక్ కన్వర్టర్ మీద భారం పెరుగుతుంది. లీకును శబ్దం సమస్యగా మాత్రమే చూసేవాళ్లు గమనించని నష్టం ఇదే. అన్నట్టు, ఈ సెన్సర్‌ను బాష్ కంపెనీ తయారుచేస్తే, 1976లో మొదటగా బిగించుకున్నది వోల్వో కార్లు.

ఉదయం టక్‌టక్, పది నిమిషాలకు నిశ్శబ్దం

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టక్‌టక్‌మని, వేడెక్కాక ఆగిపోయే శబ్దం, సిలిండర్ల పొగను ఒకచోట కలిపే మానిఫోల్డ్ లీకుకు పేరుపడ్డ గుర్తు. మానిఫోల్డ్ పోత ఇనుము వేడికి సాగుతుంది. ఆరు సిలిండర్లు వరుసగా ఉన్న ఇంజిన్‌లో అరమీటరు పొడవున్న మానిఫోల్డ్ 700 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని పక్కనే ఉన్న అల్యూమినియం హెడ్‌ను కూలెంట్ చల్లబరుస్తూ ఉంటుంది కాబట్టి అది 1 మిల్లీమీటరు కూడా పెరగదు. ఈ సాగుడుకు చిన్న పగుళ్లు మూసుకుపోతాయి, శబ్దం పోతుంది. శబ్దం పోయింది కదా అని ఊరుకోకండి. కారు నడిపిన ప్రతిసారీ ఇదే సాగుడు, ఇదే కుదింపు. మానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే స్టడ్డులు అలసి విరిగేది ఈ లాగులాటలోనే. అందుకే పరీక్షకు కారును రాత్రంతా చల్లారనిచ్చి, ఉదయం మొదటి స్టార్ట్‌లోనే వినాలి.

టక్‌టక్ అంటే లీకే కానక్కర్లేదు

ఇంజిన్‌లో టక్‌టక్‌మనేవి చాలానే ఉన్నాయి. వాల్వును లేపే హైడ్రాలిక్ లిఫ్టర్ అరిగినా ఇదే శబ్దం, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంజెక్టర్లదీ ఇదే శబ్దం. పైగా ఒక సిలిండర్ దగ్గర లీకైనా, ఆ సిలిండర్ లిఫ్టర్ మోగినా లయ ఒకటే: క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక దెబ్బ. ఐడ్లింగ్ 800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు ఆరేడు దెబ్బలన్నమాట. రెండింటినీ విడదీసే ఉపాయం ఒకటుంది. స్కానర్‌తో ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్‌ను కాసేపు ఆపి వినాలి. మంట లేకపోతే పొగ పేలుడు బలం తగ్గిపోతుంది, కాబట్టి లీకు శబ్దం ఆగిపోతుంది లేదా బాగా తగ్గుతుంది. లిఫ్టర్ శబ్దం మాత్రం మంటతో పనిలేకుండా మోగుతూనే ఉంటుంది. ఏ సిలిండర్ ఆపితే శబ్దం పోయిందో లీకు ఆ పోర్టు దగ్గరే. యాక్సిలరేటర్ మీద కాలు వేసి లోడు పెంచినప్పుడు శబ్దం పెద్దదైతే అది కూడా లీకు వైపే సాక్ష్యం.

సుబారు గురగుర లీకు కాదు

ఈజే ఇంజిన్ ఉన్న ఎస్‌టీఐ శబ్దం తొలిసారి వింటే ఏదో సిలిండర్ పనిచేయడం లేదేమో అనిపిస్తుంది. దాని సిలిండర్లు రెండు అటు, రెండు ఇటు పడుకుని ఉంటాయి. 1, 3 ఒక పక్క. 2, 4 మరో పక్క. మండే వరుస 1-3-2-4. ఒక పక్క పొగ టర్బోకు చేరడానికి ఇంజిన్ కింది నుంచి అడ్డంగా ప్రయాణించాలి. రెండో పక్కకు దారి దగ్గర. ఈ పొడవుల తేడా వల్ల దెబ్బలు సమాన వ్యవధిలో కలవవు, అందుకే ఆ ప్రసిద్ధమైన గురగుర. 2015 డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో కొత్త ఎఫ్‌ఏ ఇంజిన్ వచ్చి గొట్టాల పొడవులు సమానం కాగానే ఆ శబ్దం చాలావరకు పోయింది. కారు పుట్టుకతో ఉన్న గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే దాని మార్పును పసిగట్టగలరు. కారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్‌లో ఒక రికార్డింగ్ చేసి పెట్టుకోవడం మంచి అలవాటు.

టర్బోకు ముందా, తర్వాతా?

ఎస్‌టీఐలో పొగ దారి ఇలా ఉంటుంది: హెడ్ కింద హెడర్, అక్కడి నుంచి పైకి టర్బోకు వెళ్లే అప్‌పైప్, టర్బో దాటాక కిందికి దిగే డౌన్‌పైప్. హెడర్ గ్యాస్కెట్ దగ్గర గానీ అప్‌పైప్ అతుకు దగ్గర గానీ లీకైతే, టర్బైన్‌ను తిప్పాల్సిన శక్తి దారిలోనే పోతుంది. బూస్ట్ ఆలస్యంగా వస్తుంది, కారు కింది ఆర్‌పీఎంలో లాగదు. ఇలాంటప్పుడు చాలామంది టర్బో పోయిందనుకుని దాన్నే మార్చేస్తారు. అదే డౌన్‌పైప్ అతుకు లీకైతే పికప్‌లో తేడా పెద్దగా తెలియదు. బానెట్ లోపల వాసన, శబ్దం మాత్రం పెరుగుతాయి. లక్షణాన్ని బట్టి వెతకాల్సిన దారి సగానికి సగం తగ్గిపోతుంది.

మసి గీత వేలిముద్ర లాంటి సాక్ష్యం

హీట్ షీల్డ్ విప్పి, టార్చి లైటు ఏటవాలుగా పట్టి ప్రతి అతుకూ చూడండి. గ్యాస్కెట్ అంచు నుంచి విసనకర్ర ఆకారంలో విచ్చుకున్న నల్లటి లేదా బూడిదరంగు మరక కనిపిస్తే, విసనకర్ర మొన ఎటు ఉందో అక్కడే పగులు. లోహం మీద మామూలు తుప్పు అంతటా ఒకేలా పరుచుకుంటుంది. లీకు మరకకు దిశ ఉంటుంది. మరకను గుడ్డతో తుడిచి, రెండు రోజులు కారు నడిపి మళ్లీ చూడండి. తిరిగి వస్తే లీకు ఇప్పటికీ ఉన్నట్టు. రాకపోతే అది పాత రిపేరు మిగిల్చిన గుర్తు కావచ్చు. హీట్ షీల్డ్ వదులై గలగలలాడినా లీకు శబ్దమే అనిపిస్తుంది కాబట్టి, దాన్ని విప్పినప్పుడే దాని క్లిప్పులూ చూసుకోవాలి.

సబ్బు నురగ, వ్యాక్యూమ్ క్లీనర్

ఇంట్లోనే చేయగల నమ్మకమైన పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, దాని కొసను టెయిల్‌పైప్‌లో పెట్టి చుట్టూ గుడ్డ బిగించాలి. గాలి ఊదుతూ ఉండగా సబ్బునీళ్లు ప్రతి అతుకు మీదా స్ప్రే చేయాలి. సైకిల్ పంక్చర్ వేసేవాళ్లు ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూసినట్టే, బుడగలు వచ్చిన చోట లీకు. రెండు టెయిల్‌పైపులు ఉంటే రెండోదాన్ని మూసేయాలి. వాల్వులు కొద్దిగా తెరిచి ఉన్న సిలిండర్ గుండా కొంత గాలి ఇంజిన్ వైపు పోవడం మామూలే, దానికి కంగారు పడనవసరం లేదు. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీ మీద నమ్మకం పెట్టుకోకండి. స్టాండ్లు వేశాకే దూరాలి.

గ్యారేజీలో పొగ యంత్రం

సబ్బునీళ్లు చేరని ఇరుకు చోట్లకు పొగ యంత్రం ఉంది. అది మినరల్ ఆయిల్‌ను వేడిచేసి దట్టమైన తెల్లపొగ పుట్టించి, చాలా తక్కువ ఒత్తిడితో గొట్టంలోకి పంపుతుంది. పగులు ఎంత సన్నగా ఉన్నా తెల్లదారం లాంటి పొగ పైకి లేస్తుంది. బానెట్ కింద టర్బో వెనక దాగిన అతుకులకు ఇంతకంటే మంచి సాధనం లేదు. రిపేరు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయమని అడిగి చేయించుకోండి. దీనికయ్యే ఖర్చు అనవసరంగా మార్చే ఒక్క విడిభాగం ధరతో పోలిస్తే చాలా తక్కువ.

సైలెన్సర్ నుంచి కారే నీళ్లు లీకు కాదు

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. వేడి మీద అది ఆవిరిగా పోతుంది. చల్లని గొట్టంలో నీటిచుక్కలవుతుంది. ఆ నీరు నిలిచి తుప్పు పట్టకుండా చాలా సైలెన్సర్ల అడుగున చిన్న రంధ్రం వదులుతారు. అక్కడ కాస్త తడి, కాస్త మసి కనిపిస్తే దాన్ని మూసేయకండి. కారును రోజూ కొద్ది దూరమే నడిపేవాళ్ల సైలెన్సర్లు త్వరగా తుప్పు పట్టడానికి కారణం కూడా ఈ నీరే. అది పూర్తిగా ఆవిరయ్యేంత వేడి గొట్టానికి చేరదు.

కోడ్ చెప్పేది సగమే

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్‌లో పి0171 కనిపించవచ్చు. అంటే ఒక పక్క సిలిండర్లకు పెట్రోలు తక్కువైనట్టు ఈసీయూ భావిస్తోందని అర్థం. వీ ఆకారపు ఇంజిన్లలో రెండో పక్కకు పి0174. పి0420 వస్తే కాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. కన్వర్టర్ వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ దగ్గర గాలి పీల్చే లీకు ఉన్నా ఈ చివరి కోడ్ రావచ్చు. దాన్ని చూసి నేరుగా ఖరీదైన కన్వర్టర్ మార్చడం ఎంత నష్టమో ఆలోచించండి. ముందు లీకు వెతకాలి, తర్వాతే కన్వర్టర్ సంగతి. పెట్రోలు బంకు దగ్గర చేసే పొల్యూషన్ పరీక్షకూ ఈ నియమమే. మన దేశంలో కన్వర్టర్ ఉన్న పెట్రోలు కార్లకు, గాలి-పెట్రోలు నిష్పత్తిని చూపే లాంబ్డా విలువ 1కి 0.03 అటూ ఇటూగా ఉండాలి. గొట్టంలో గాలి కలిస్తే ఆ లెక్క చెడిపోతుంది.

విరిగిన స్టడ్డు మీద కొత్త నట్టు

ఎగ్జాస్ట్ స్టడ్డులు వేడికీ తుప్పుకూ హెడ్‌లో అతుక్కుపోతాయి. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, మిషిగన్, షికాగో వైపు కార్లున్న తెలుగువాళ్లకు ఇది బాగా అనుభవమే. బలంకొద్దీ తిప్పితే స్టడ్డు హెడ్ లోపలే విరుగుతుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నాననివ్వాలి. నట్టును వేడిచేసి, కొద్దిగా బిగించి, కొద్దిగా వదులు చేస్తూ ముందుకూ వెనక్కూ ఆడించాలి. అయినా విరిగితే, మిగిలిన మొండెం మీద ఒక నట్టు పెట్టి, మధ్యలో వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ వేడికి స్టడ్డు పట్టు సడలుతుంది, పైనున్న కొత్త నట్టును స్పానర్‌తో పట్టి మెల్లగా తిప్పితే మొండెం బయటికి వచ్చేస్తుంది. అల్యూమినియం వెల్డింగుకు అతుక్కోదు కాబట్టి హెడ్‌కు హాని తక్కువ. డ్రిల్లింగ్ చివరి ప్రయత్నం మాత్రమే, అదీ చేయి తిరిగిన మెకానిక్ చేతే చేయించాలి.

కొత్త గ్యాస్కెట్ వేసినా లీకెందుకు?

వేడికి మానిఫోల్డ్ ఫ్లాంజ్ వంగిపోయి ఉంటే ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా ఆగదు. తిన్నని స్టీలు పట్టీని ఫ్లాంజ్ మీద ఆనించి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. సర్వీస్ మాన్యువల్ చెప్పిన హద్దు దాటితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. హెడ్ వైపు అంటుకున్న పాత గ్యాస్కెట్ ముక్కల్ని అల్యూమినియం గీసుకుపోకుండా తీయాలి. బిగింపుకూ వరుస ఉంది: మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకు, ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో. ఒక చివర పూర్తిగా బిగించి రెండో చివరకు వెళ్తే ఫ్లాంజ్ మధ్యలో లేస్తుంది. పాత నట్లను మళ్లీ వాడకండి. వేడి తిన్న నట్టు పట్టు నిలవదు.

సీలెంట్ ట్యూబు చేసే చేటు

మామూలు సిలికాన్ సీలెంట్ ఎగ్జాస్ట్ వేడికి ఆగదు. అంతకంటే పెద్ద ప్రమాదం, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్ మీద పేరుకుని దాన్ని పాడుచేయడం. సైలెన్సర్ పేస్టు, చుట్టే టేపు లాంటివి వెనక గొట్టాలకు ఇంటికి చేరేవరకు పనికొస్తాయి. మానిఫోల్డ్ దగ్గర పొగ దెబ్బల బలానికి అవి నిలవవు. సెన్సర్ విప్పినప్పుడు మరలకు యాంటీ సీజ్ పూత రాస్తే మంచిదే, కానీ కొస మీద చుక్క కూడా పడకూడదు.

ఏ లోహానికి ఏ వెల్డింగ్?

స్టెయిన్‌లెస్ గొట్టానికి ఆర్గాన్ వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం లోపలా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలి వైపు లోహం గాలితో కలిసి గరుకు గడ్డలు కడుతుంది, కొన్నాళ్లకు అక్కడే మళ్లీ పగులుతుంది. టర్బో మానిఫోల్డ్‌లకు 304 రకం కంటే, టైటానియం కలిపిన 321 రకం స్టెయిన్‌లెస్ ఎక్కువ వేడికి ఆగుతుంది. ఫార్ములా వన్ జట్లు ఇంకా ముందుకెళ్లి నికెల్ మిశ్రమమైన ఇన్‌కోనెల్ వాడతాయి. పోత ఇనుము పగిలితే నికెల్ రాడ్, ముందు వేడి, తర్వాత నిదానంగా చల్లార్చడం, ఈ మూడూ తప్పనిసరి. పాత మానిఫోల్డ్ చాలాచోట్ల పగిలి ఉంటే మాత్రం మార్చడమే మేలు. గొట్టాలకు వేడి ఆపే గుడ్డ చుట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఆ గుడ్డ తడిని పట్టి ఉంచుతుంది, కింద పగులు కనబడకుండా కప్పేస్తుంది.

విడి మానిఫోల్డే లేని ఇంజిన్

2017లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ బానెట్ ఎత్తి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కోసం వెతికితే దొరకదు. దాని 2 లీటర్ల టర్బో ఇంజిన్‌లో మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే పోత పోసి, చుట్టూ కూలెంట్ తిప్పుతారు. పొగ కొంత చల్లబడి టర్బోకు చేరుతుంది, ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. లీకుకు ఆస్కారమున్న అతుకుల్లో ఒక వరుస తగ్గింది. ఇలాంటి కారులో వెతుకులాట నేరుగా టర్బో ఫ్లాంజ్ దగ్గర మొదలుపెట్టాలి.

కనబడని, వాసన లేని విషం

ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అమెరికాలో 2011-2017 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల్లో పొగ వాసన వస్తోందన్న ఫిర్యాదుల మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ 2016లో దర్యాప్తు మొదలుపెట్టి 2023లో ముగించింది. వాయువు ఎక్కువగా కనిపించిన పోలీసు వాహనాల్లో, అదనపు పరికరాలు బిగించినప్పుడు చేసిన రంధ్రాలను సరిగా మూయకపోవడం ముఖ్య కారణమని తేలింది. కారుకు వైరింగ్, కెమెరా, స్పీకర్ ఏది బిగించినా వేసిన రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పక పెట్టించండి. లీకు ఉందని అనుమానం ఉన్న కారును షెడ్డులో, సెల్లార్‌లో స్టార్ట్‌లో ఉంచకండి. తలుపు తీసి ఉంచినంత మాత్రాన సరిపోదు. నడుపుతుంటే తలనొప్పి, వికారం, మగత అనిపిస్తే వెంటనే బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, బయటి గాలిలోకి రండి. పిల్లలతో ప్రయాణించే కారులో ఈ ఒక్క విషయంలో రేపటికి వాయిదా వేయకూడదు.

ట్యూనింగ్‌కు ముందే రిపేరు

లీకు ఉన్న కారును ఇంజిన్ శక్తిని కొలిచే డైనో మీద ఎక్కించి ట్యూన్ చేయిస్తే, వైడ్‌బ్యాండ్ సెన్సర్ చూపే ప్రతి అంకె మీదా అనుమానమే. గాలి కలిసిన పొగను చూసి ట్యూనర్ పెట్రోలు పెంచుతాడు. తర్వాత లీకు మూసేస్తే మ్యాపు మొత్తం తప్పవుతుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడు వెనక నుంచి వచ్చే పటపట శబ్దాల్ని కూడా ఊరికే ఆనందించకండి. కంపెనీయే కొన్ని కార్లకు సాఫ్ట్‌వేర్‌తో ఆ శబ్దాన్ని పెట్టింది. మీ కారుకు అది ముందు లేకుండా కొత్తగా మొదలైతే, లోపలికి చేరిన గాలితో మిగిలిపోయిన పెట్రోలు గొట్టంలో మండుతోందేమో చూడాలి.

పని పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

శబ్దం ఆగిందంటే పని సగం అయినట్టే. కారును బాగా వేడెక్కే దాకా నడిపి, పూర్తిగా చల్లార్చి, సర్వీస్ మాన్యువల్ అనుమతిస్తే నట్ల టార్క్ మరోసారి చూడాలి. స్కానర్‌లో పాత కోడ్లు చెరిపేసి, ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు గమనించాలి. ఈసీయూ పోస్తున్న అదనపు పెట్రోలు శాతం సున్నా చుట్టుపక్కల, 5 లోపు స్థిరపడితే రిపేరు నిజంగా కుదిరినట్టు. ఇంకా 10 దాటి ఉంటే ఎక్కడో గాలి కలుస్తూనే ఉండవచ్చు, ఇంటేక్ వైపు కూడా వెతకాలి. మెకానిక్‌ను డబ్బు ఎంతైందని అడిగేటప్పుడే ఈ అంకెలు రిపేరుకు ముందెంత, తర్వాతెంత అని కూడా అడగండి. పని తెలిసిన మెకానిక్ ఆ ప్రశ్నకు సంతోషంగా స్కానర్ తిప్పి చూపిస్తాడు.